పండుమిరప కారం నూరిన రోజు

ఆ శనివారం పొద్దున కోడుమూరులోని లేవి ఇంట్లో పండుమిరప కారం నూరడం తప్ప వేరే ఆలోచన లేదు. ఏటా మొదటి జాడీ పెద్దకొడుకు దావీదురాజు పేర పక్కన పెట్టడం తల్లి జీవమ్మ అలవాటు. మూడేళ్ల కింద, కడుపులో పుండని డాక్టరు వద్దన్నాడంటూ, ఆయన కర్నూలు నుంచి ఆ జాడీని తిప్పి పంపాడు. "మా అన్నకు నాలుక సచ్చిపోయింది" అని లేవి నలుగురిలో నవ్వాడు. మాట కర్నూలు చేరింది. ఇక తమ్ముడి గడప తొక్కేది లేదని అన్న ఒట్టు పెట్టుకున్నాడు. పెద్దోడు తన చేతి కారంతో ఒక్క ముద్ద తింటే చాలని జీవమ్మ ప్రార్థించని రోజు లేదు.

కడిగిన కాయలు ఆరబోయడానికి ఆమె తన మంచాన్నే మిద్దె మీదికి ఎక్కించింది. ఆరినన్ని నూరమని కోడలికి చెప్పి, ఇంకో ఒడి కాయలు కోసుకురావడానికి చేనికి పోయింది.

కోడలు ప్రసన్నకుమారి పెరట్లో చింతపండు, ఉప్పు, తెల్లగడ్డలు వేసి రోట్లో దంచింది. ఘాటుకు ఆమె కళ్లు ధారలు కట్టాయి. "ఉప్పు సరిపోయిందేమో సూడు" అంది మొగుడితో. నాలుక బతికున్న మనిషి కదా, లేవి నిమ్మకాయంత ముద్ద నోట్లో వేసుకున్నాడు. గొంతు పోయింది. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరూ నీళ్ల కోసం నడవలోకి పరుగెత్తారు.

సరిగ్గా అప్పుడే పక్కింటి హనుమంతమ్మ తోడు మజ్జిగ కోసం వచ్చింది. మొగుడూ పెళ్లాం కుమిలి కుమిలి ఏడుస్తున్నారు. జీవమ్మ లేదు, ఆమె మంచమూ లేదు. జబ్బు ముదిరినవాళ్లను మంచంతో సహా ఆసుపత్రికి మోసుకుపోవడం ఆ వీధిలో మామూలే. ముసలామె ఆసుపత్రిలోనే పోయిందనుకుని, హనుమంతమ్మ నోట్లో కొంగు కుక్కుకుని, నోరెత్తకుండా వచ్చిన దారినే పరుగెత్తింది.

ఆమె పాస్టరుగారికి చెప్పింది. ఆయన చర్చి గంట కొట్టించి, దావీదురాజుకు ఫోను చేశాడు. లేవి మంట చల్లారేదాకా తలమీద కుండలకు కుండలు నీళ్లు పోసుకుని బయటికి వచ్చేసరికి వాకిట్లో షామియానా లేచింది. పాస్టరుగారు అతన్ని కావలించుకున్నాడు.

"ధైర్యం తెచ్చుకో లేవీ. ప్రభువు పిలిచినాడు, మన చేతిలో ఏముండాది?"

పోయినవాళ్ల పేరు ఇంటివాళ్ల ముందు ఎత్తడం ఆ వీధిలో మర్యాద కాదు. ఎవరూ ఎత్తలేదు. "బండి కర్నూలులో బయల్దేరిందంట" అని మాత్రం ఎవరో అన్నారు.

లేవి లెక్క కట్టుకున్నాడు. అమ్మ ఇందాకే కదా చేనికి పోయింది. కర్నూలు నుంచి బండిలో రావలసింది ఇంకెవరు?

"అన్నా!" అని కూలబడ్డాడు. "కడుపులో పుండంటే నవ్వితినే! నా నోరు పడిపోను!"

ఇది కారం తెప్పించిన ఏడుపు కాదు. తల్లి పోయిన దుఃఖంలో అన్నను తలుచుకుంటున్నాడని పదిమందీ కళ్లొత్తుకున్నారు.

గంట తర్వాత శవపేటికతో వ్యాను వచ్చి ఆగింది. దావీదురాజు "అమ్మా!" అంటూ దూకి, ఒట్టు మరిచి గడప తొక్కేశాడు. లేవి ఆయన భుజాలు రెండూ తడిమి చూశాడు.

"అన్నా, నువ్వు బతికే ఉండావా?"

"నాకేమాయరా! అమ్మ యాడ?"

"అమ్మ చేన్లో కాయలు కోస్తాండాది."

జనమంతా హనుమంతమ్మ వైపు తిరిగారు. ఆమె షామియానా గుంజ వైపు తిరిగింది.

చర్చి గంట విన్నా ఒడి నిండేదాకా చేను వదలని జీవమ్మ అంతలో కాయలతో వచ్చింది. వస్తూనే మర్యాదకు రాగం తీసి ఏడ్చి, ఆ తర్వాత "ఎవరప్పా పోయింది?" అని అడిగింది. పెద్దకొడుకును చూసింది. పేటికను చూసింది. దాని పక్కన నిలబడి కొలుచుకుంది.

"పొట్టిగా ఉండాది. నా ఎత్తు కూడా మర్సిపోయినావా, నాయనా?"

దావీదురాజు ఆమె కాళ్లమీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అన్నదమ్ములను పక్కపక్కన కూర్చోబెట్టి ఆమె సంగటి ముద్దలు, నెయ్యి, కొత్త కారం వడ్డించింది. "పుండు ఎప్పుడో మానిందిలేమ్మా" అంటూ పెద్దోడు ముక్కు చీదుకుంటూ రెండో ముద్ద అడిగాడు. పోయేటప్పుడు తలొంచుకుని అన్నాడు:

"నా జాడీ కట్టియ్యమ్మా."

"జాడీ ఇయ్యను. తినాలంటే ఈడికి రా."

మరుసటి శనివారం దావీదురాజు వచ్చాడు. ఈసారి పేటిక తేలేదు.