ఊచ పట్టుకున్న పిల్ల, ఆరు శాఖలు

ఏ ప్రమాదానికైనా కారణం ఒక్కటే ఉంటుందనుకోవడం అనాగరికుల అలవాటు. నాగరికత పెరిగినచోట శాఖకొక కారణం ఉంటుంది. ఆ కారణాలన్నిటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, టీలిచ్చి, ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకోకుండా చూడటాన్ని సమన్వయం అంటారు.

బెజవాడలో ఈ పని కోసమే ఒక సంఘం ఉంది. దాని పూర్తి పేరు ‘బాలబాలికల వివరణ లేని మరణాలు మరియు తీవ్ర గాయాల సంయుక్త విచారణ సమన్వయ సంఘం’. (బోర్డు మీద పేరంతా పట్టక ‘మరణాలు’ దగ్గరే ఆగిపోయింది. అందువల్ల ఆ మేడ మెట్లు ఎవరూ ఊరికే ఎక్కరు.) పూర్వం పిల్లలకేదైనా జరిగితే పోలీసులు, ఆసుపత్రి, కార్పొరేషన్, కరెంటు వాళ్లు ఎవరికి వారు విచారించి, తప్పు పక్క శాఖదని విడివిడిగా తేల్చేవారు. తల్లిదండ్రులు అన్ని ఆఫీసులూ తిరగలేక నీరసపడేవారు. ఇప్పుడా ఇబ్బంది లేదు. ఆరు శాఖలూ ఒకే హాల్లో కూర్చుని, తప్పు పక్క శాఖదని కలిసికట్టుగా తేలుస్తున్నాయి.

ఈ సంఘానికి కన్వీనరు శ్రీరామచంద్రమూర్తి గారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. చాలా మంచివారు (ఈ మాట వ్యంగ్యంగా అనడం లేదు). ఏ పిల్లవాడి ఫైలు వచ్చినా ఆ పూట ఆయనకు అన్నం సహించదు. అయితే అన్నం సహించకపోవడానికీ పని జరగడానికీ సంబంధం ఉన్నట్టు ఏ నిబంధనలోనూ లేదు.

సంగతేమిటంటే, ఆటోనగర్ గేటుకు కాస్త ఇవతల ఒక బస్ షెల్టరు ఉంది. దాని నుదుటన రాత్రీపగలూ వెలిగే ప్రకటన బోర్డు ఒకటి. వర్షాకాలం మొదట్లో ఒక ఉదయం, మూడో తరగతి చదివే నాగలక్ష్మి బడి బస్సు కోసం అక్కడ నిలబడి, షెల్టరు ఇనుప ఊచ పట్టుకుంది. అంతే. ఎవరో విసిరేసినట్టు ఎగిరి రోడ్డు మీద పడింది. చెయ్యి విరిగింది, అరచెయ్యి కాలింది, స్పృహ తప్పింది. అటువైపు వెళ్తున్న ఆటో అతను ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చాడు.

తెచ్చినవాడు చూడలేదు, పిల్లకు స్పృహ లేదు. డ్యూటీ డాక్టరు నిజాయితీగా ‘కారణం: తెలియదు’ అని రాశాడు. ఆ ఒక్క మాటతో కేసు తనంతట తానే సంఘానికి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి పిల్ల కళ్లు తెరిచి, తండ్రి ఎల్లారావుతో, “నాన్నా, ఊచ పట్టుకుంటే షాక్ కొట్టింది” అని చెప్పింది. నర్సుకూ చెప్పింది. పక్క మంచం వాళ్లక్కూడా చెప్పింది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఒకసారి ‘తెలియదు’ అని సంఘానికి చేరిన కారణాన్ని తెలుసుకునే అధికారం సంఘానికి తప్ప ఇంకెవరికీ ఉండదు.

నాగలక్ష్మి తల్లి గంగారత్నం ఆటోనగర్ మార్కెట్‌లో చేపలమ్ముతుంది. వాళ్లది తరతరాలుగా కొల్లేట్లో వల వేసిన కుటుంబం. బతుకు కోసం బెజవాడ వచ్చారు. పిల్లకు ప్రాణాపాయం లేదని డాక్టరు చెప్పాక, ఎల్లారావును ఆసుపత్రిలో ఉంచి, ఆమె బెంజ్ సర్కిల్ దగ్గరున్న సంఘం ఆఫీసుకు వచ్చింది.

“అయ్యా, మా పిల్లకి షాక్ కొట్టిందండి. ఆటోనగర్ గేటు కాడ బస్ షెల్టరుంది చూడండి, దాని ఊచకి కరెంటొస్తందండి.”

మూర్తి గారు లేచి కుర్చీ జరిపారు. “కూర్చోండమ్మా. పాపకెలా ఉంది?”

“చెయ్యి ఇరిగిందండి. బతికింది, అదే పదివేలు.”

“మీరు చూశారా, షాక్ కొట్టడం?”

“నేను మార్కెట్లో ఉన్నానండి. పిల్లే చెప్పింది...”

మూర్తి గారు చెవులు మూసుకున్నంత పని చేశారు. “వద్దమ్మా, వద్దు. పాప ఏం చెప్పిందో మీరు నాకు చెప్పకూడదు. పాపే చెప్పాలి. అదీ ఒక్కసారే.”

ఈ నిబంధన పెట్టిన మహానుభావుడి ఉద్దేశం మంచిదే. దెబ్బ తిన్న బిడ్డను వచ్చినవాడల్లా ‘ఏం జరిగింది, ఏం జరిగింది’ అని అడిగి భయపెట్టకూడదని, శిక్షణ పొందిన ఒక్కరే, పిల్లలకు నచ్చేలా తీర్చిన గదిలో, ఒకేసారి అడగాలని ఆయన రాశాడు. ఆ గది అద్దాల వెనక ఆరు శాఖల ప్రతినిధులూ ఉండాలని ఇంకెవరో చేర్చారు. ఆ ఆరుగురికీ ఒకే రోజున తీరిక దొరకాలన్న విషయం ఎవరూ రాయలేదు. అది ప్రకృతే చేర్చింది.

“సరేనండి, మీ ఇష్టం వచ్చినప్పుడు అడుగుదురుగానీ,” అంది గంగారత్నం. “ముందు ఆ కరెంటు తీయించండయ్యా. పొద్దున్నే బడి పిల్లలంతా అక్కడే నిలబడతారు.”

“అది ఆధారం కదమ్మా. సంయుక్త తనిఖీ అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.”

“ముట్టుకోకూడదనేగదయ్యా నేనూ చెప్పేది!”

(విచారణ జరిపేవారికీ బాధితులకూ పూర్తి ఏకాభిప్రాయం కుదరడం ఆ సంఘంలో అదే మొదలు.)

మూర్తి గారు ఊరుకోలేదు. ఆ సాయంత్రమే ఇద్దరు మనుషుల్ని పంపి షెల్టరు చుట్టూ పసుపుపచ్చ రిబ్బను కట్టించారు. దాని మీద ‘ఆధారం. తాకరాదు’ అని ఉంది. మర్నాడు గాలివాన వచ్చి రిబ్బను లేచి బందరు రోడ్డు వైపు వెళ్లిపోయింది. కొత్త రిబ్బను కావాలంటే పాత రిబ్బను ఏమైందో పోలీసు శాఖ ధ్రువీకరించాలి.

అప్పుడు గంగారత్నం మార్కెట్‌లో తన చోటు వదిలేసింది. ఖాళీ చేపల ట్రేలు తెచ్చి ఆ ఊచల చుట్టూ దడిలా పేర్చి, ముందు పీట వేసుకుని కూర్చుంది. బొచ్చెలు, శీలావతులు ఎదురుగా పెట్టుకుంది. బస్సు కోసం వచ్చినవాళ్లు చేపలు కొనరు. చేపలు కొనేవాళ్లు బస్ స్టాపుకు రారు. ఆ వ్యాపారం ఎలా సాగిందో వేరే చెప్పనక్కర్లేదు. పిల్లలు దగ్గరకొస్తే మాత్రం, “రేయ్, ఇటు రామాక! అటెళ్లి నిలబడు!” అని అరిచేది. వానొస్తే పిల్లలు తలదాచుకోవడానికి షెల్టరు కిందకే పరిగెత్తుకొచ్చేవారు. వాన పడేటప్పుడే కదా ఊచల్లోకి కరెంటొచ్చేది! ఆమె తన గొడుగు వాళ్లకిచ్చి తను తడిసేది.

ఈ పరిణామం సంఘం దృష్టికి వెంటనే వచ్చింది (షెల్టరులో కరెంటు సంగతి కూడా అంత తొందరగా రాలేదు). కార్పొరేషన్ ప్రతినిధి సమావేశంలో లేచి, ప్రజలు నిలబడే చోటును ఒక మత్స్య విక్రేత ఆక్రమించిందన్నారు. పోలీసు ప్రతినిధి, ఆధారం చుట్టూ చేపలు పెట్టడం వల్ల ఆధారానికి వాసన పట్టే ప్రమాదముందన్నారు. చేపల మాట వచ్చింది కాబట్టి మత్స్యశాఖను ఏడో సభ్యుణ్ని చేశారు. దాంతో అందరికీ తీరికుండే రోజు ఇంకాస్త దూరం జరిగింది.

“ఆవిడ అక్కడెందుకు కూర్చుందో మీకు తెలుసుగా?” అన్నారు మూర్తి గారు.

“తెలుసండీ,” అన్నారు కార్పొరేషన్ ప్రతినిధి, “కానీ అధికారికంగా తెలీదు.”

చివరికి పిల్లను అడిగే రోజు వచ్చింది. గది గోడలకు జిరాఫీలు, ఏనుగులు. అద్దాల బీరువా నిండా కొండపల్లి బొమ్మలు. బీరువాకు తాళం. (‘పిల్లలు బొమ్మలను తాకరాదు’ అన్న కాగితం బీరువాకే అంటించి ఉంది.) ఒక చేతికి కట్టుతో నాగలక్ష్మి వచ్చి కూర్చుంది. అడగడానికి శిక్షణ పొందిన అధికారిణి శాంభవి నేల మీద ఆమె పక్కనే చతికిలబడింది.

“ఆ రోజు ఏం జరిగింది నాన్నా? నీకెలా చెప్పాలనిపిస్తే అలా చెప్పు.”

“ఊచ పట్టుకున్నానండి. షాక్ కొట్టింది. పడిపోయా.”

“ఇంకేమైనా చెప్పాలని ఉందా?”

పిల్ల బీరువా వైపు చూసింది. “ఆ ఏనుగు అంబారీ ఒకసారి ఇస్తారా అండీ?”

శాంభవి తాళంచెవి కోసం వెళ్లింది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియలేదు.

అద్దాల వెనక ఏడుగురూ పాప మాటలు స్పష్టంగా విన్నారు. ఇక తేలిపోయిందనుకున్నారు మూర్తి గారు. అప్పుడు కరెంటు ప్రతినిధి గొంతు సవరించుకున్నారు.

“సర్, ‘షాక్’ అన్నది సాంకేతిక పదం. పాప సాంకేతిక నిపుణురాలు కాదు. ఈ మధ్య జనం ప్రతిదానికీ ‘షాకయ్యాం’ అంటున్నారు. సినిమా టికెట్టు దొరక్కపోయినా షాకే. పాప ఏ అర్థంలో అందో స్పష్టం కావాలండి.”

“అయితే మళ్లీ అడిగిద్దాం,” అన్నారు మూర్తి గారు.

“ఒక్కసారే అడగాలని నిబంధనండి,” అంది అప్పుడే తిరిగొచ్చిన శాంభవి. “అయినా ఆ పిల్ల అరచేతి మీద ఊచంత మచ్చ ఉంది సర్. దాన్ని ఏ అర్థంలో తీసుకుందాం?”

మచ్చ ఆరోగ్యశాఖ పరిధిలోకి వస్తుందని నమోదు చేసుకున్నారు.

ఆ తర్వాత మిగిలింది సంయుక్త తనిఖీ. రాత్రంతా వాన పడి వెలిసిన ఒక ఉదయం, ఏడు శాఖల జీపులూ షెల్టరు ముందు ఆగాయి. ట్రాఫిక్ అంతా ఆగింది. మూర్తి గారు అందరికంటే ముందు దిగి, నీళ్ల మడుగు దాటి వచ్చారు. ఆధారం కనిపించడానికి వీలుగా ట్రేలు పక్కకు తీయమని కార్పొరేషన్ వాళ్లు ఆజ్ఞాపించారు. గంగారత్నం తీయనంది. వాళ్లే తీశారు.

“అయ్యా, అటెళ్లమాకండి! తడిగా ఉందండి!” అని ఆమె కేకేసింది.

మూర్తి గారు ఆమెకు జవాబు చెప్పడానికే వెనక్కి తిరిగారు. తిరగడంలో బురద మీద కాలు జారింది. కాలు జారినవాడు ఏం పట్టుకుంటాడు? చేతికందింది పట్టుకుంటాడు. ఆయన ఊచ పట్టుకున్నారు.

ఆయన నోటి నుంచి మాట రాలేదు. ఒళ్లంతా కొయ్యబారి వణకడం మొదలుపెట్టింది. ఏడు శాఖలూ ఏడు దిక్కులుగా వెనక్కి గెంతాయి. గంగారత్నం ఖాళీ ప్లాస్టిక్ ట్రే ఎత్తి, దాన్ని అడ్డం పెట్టి ఆయన భుజాన్ని బలమంతా కూడగట్టి తోసింది. ఊచ నుంచి చెయ్యి విడిపోయి, ఆయన వెళ్లి శీలావతుల మీద పడ్డారు. ఆమె ఆయన తల ఒడిలో పెట్టుకుని, “అయ్యా, కళ్లు తెరవండి! నీళ్లు తెండిరా ఎవరైనా!” అని అరుస్తుంటే, నీళ్లు ఏ శాఖ తేవాలో తేలకముందే ఆటో అతనెవరో బాటిల్ తెచ్చాడు.

టీ తాగినంత సేపట్లో లైన్‌మన్ వచ్చాడు. నిచ్చెన వేసి, ప్రకటన బోర్డు వెనక రబ్బరు ఊడిపోయి ఇనుముకు తగులుతున్న తీగ కత్తిరించి, దిగి వెళ్లిపోయాడు. ఆ పని కోసమే ఒక తల్లి అన్నాళ్లు వానలో కూర్చుంది.

తర్వాతి సమావేశానికి మూర్తి గారు చేతికి కట్టుతో వచ్చారు. “నాకూ అక్కడే, అలాగే జరిగింది. పాపకు కరెంటు షాకే కొట్టింది. అలాగే రాద్దాం,” అన్నారు.

కరెంటు ప్రతినిధి ఎంతో బాధతో, “మీకు జరిగినదానికి చింతిస్తున్నాం సర్. కానీ నిన్న మీటరు పెట్టి చూశాం. ఆ ఊచలో కరెంటు లేదండి,” అన్నారు.

“తీగ కత్తిరించారు కదండీ!”

“అదేనండి. ఇప్పుడు లేదు కాబట్టి, అప్పుడుందని నిరూపించలేం.”

“మరి నాకు తగిలింది?”

“మీకు తగిలింది అందరం చూశాం సర్. అది వివరణ ఉన్న గాయం. పైగా మీరు బాలలు కారు.”

మూర్తి గారు తన అభ్యంతరం రాస్తానన్నారు. కన్వీనరు సమన్వయం చేయాలి తప్ప అభిప్రాయపడకూడదని సభ్యులు నిబంధన చూపించారు. నాగలక్ష్మి గాయం వివరణ లేనిదిగా ఏకగ్రీవంగా తీర్మానమైంది.

ఆయన కారు పిలవకుండా స్టాపు దాకా నడిచి, బస్సెక్కి మార్కెట్‌కు వెళ్లారు. గంగారత్నం తన పాత చోట్లో కూర్చుని బొచ్చెకు పొలుసు తీస్తోంది. పక్కనే నాగలక్ష్మి ఎడమ చేత్తో అక్షరాలు రాయడం నేర్చుకుంటోంది.

“రండయ్యా, చెయ్యెట్టా ఉంది? నెప్పి తగ్గిందా?” అని ఆమె పీట తుడిచి వేసింది.

మూర్తి గారు కూర్చున్నారు. “తెలీదని తేల్చామమ్మా,” అన్నారు.

గంగారత్నం కత్తి ఆపింది. “కరెంటు తీసేశారుగా?”

“తీసేశారు.”

“మళ్లీ పెట్టరుగా?”

“పెట్టరమ్మా.”

“అయితే మీరేం బాధపడమాకండి. మా పిల్లకేమైందో మాకు తెలుసుగా,” అని మళ్లీ పొలుసు తీయడం మొదలుపెట్టింది. కానీ ఆ కత్తి ముందుకంటే గట్టిగా కదిలింది.

నాగలక్ష్మి పలక పక్కన పెట్టి దగ్గరకొచ్చింది. “మీకు కూడా షాక్ కొట్టిందంటగా తాతగారూ?”

“కొట్టిందమ్మా.”

“ఒళ్లంతా జివ్వుమనిందా? అమ్మా అని అరుద్దామంటే గొంతు రాలేదా?”

“రాలేదమ్మా,” అన్నారాయన, ఆ పిల్ల కట్టు మీద తన కట్టు చెయ్యి ఆనించి. ఆయన కళ్లు తడిశాయి. పాప ‘షాక్’ అని ఏ అర్థంలో అందో స్పష్టమైంది. అయితే ఆ స్పష్టత సంఘం పనివేళల తర్వాత కలిగినందువల్ల ఫైల్లో చేరలేదు.

ఈ అనుభవం నుంచి సంఘం పాఠం నేర్చుకోలేదని ఎవరూ అనకూడదు. వారం తిరక్కుండా కొత్త నిబంధన వచ్చింది: ఇకపై సభ్యులు తనిఖీకి వెళ్లే ప్రతిచోటా, వారు చేరకముందే కరెంటు నిలిపివేయవలెను. పిల్లలకూ దీన్ని వర్తింపజేయాలని మూర్తి గారు కోరారు గానీ, పిల్లలు ఎక్కడికి ఎప్పుడు వెళ్తారో శాఖకు ముందస్తు సమాచారం ఇవ్వరు కాబట్టి వీలుపడలేదు.