ఎల్వుడ్ రాసుకున్న వృత్తి

ఆ సోమవారం మధ్యాహ్నంలోగా రెండు పనులు ముగించుకుని, ఇంటికెళ్లి కాళ్లు చాపుకోవాలని మార్వెల్లా అనుకుంది. ట్యాంకుల్లో నైట్రోజన్ మట్టం చూసుకుని తగ్గినచోట నింపాలి. పట్టణ భద్రతా సంఘం అడిగిన జాబితా పంపాలి.

మా డ్రై ఫోర్క్ ఊరి చివర, ఎడారి మొదలయ్యే చోట, కిటికీల్లేని పొడవాటి షెడ్డు ఒకటుంది. అందులో నిలువెత్తు ఉక్కు ట్యాంకులు మూడు. వాటిలో చనిపోయిన పదకొండు మంది నైట్రోజన్ చలికి గడ్డకట్టి, తలకిందులుగా వేలాడుతూ, ఏనాటికైనా వైద్యులు తమను బతికించి లేపుతారని ఎదురుచూస్తున్నారు. వాళ్లను శవాలనకూడదు, రోగులనాలి. పంతొమ్మిదేళ్లుగా మార్వెల్లా అలాగే అంటోంది, రోజూ పొద్దున్నే ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరిస్తోంది. బయట ఎండ ఎంత మండుతున్నా లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. ఉండుండి ఏదో ఒక ట్యాంకు మూత దగ్గర, ఎవరో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు సన్నని చప్పుడవుతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లు ఆ చప్పుడు వినే మానేస్తారు.

జాబితాలో ప్రతి రోగి పేరు, వృత్తి, ఏ జబ్బుతో పోయిందీ, పాత నేరాలు ఉండాలట. అంటురోగాలవాళ్లూ నేరస్థులూ ఊళ్లో నిద్రపోతున్నారేమోనని సంఘానికి బెంగ. మార్వెల్లా పాత దరఖాస్తులు ముందేసుకుని, ఎవరు రాసుకున్నది వాళ్ల పేరు కింద ఎక్కించింది. మధ్య ట్యాంకులోని ఎల్వుడ్ బతికుండగా పక్క ఊళ్లో ఉంటూ ఇళ్లకు చీమల మందు, చెదల మందు కొట్టేవాడు. మహా సరదా మనిషి. వృత్తి అన్నచోట ఆయన ఇలా రాసుకున్నాడు: "చంపడం. నలభై ఏళ్ల అనుభవం. ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు."

అది కూడా మార్వెల్లా పొల్లుపోకుండా ఎక్కించి పంపేసింది.

పది గంటలకు సంఘం అధ్యక్షుడు బర్డెట్ ఫోన్ చేశాడు. నలభై దాటిన మనిషి, నవ్వడం తక్కువ.

"మార్వెల్లా గారూ, ఎల్వుడ్ నిజంగా ఈ పనే చేసేవాడా?"

"అయ్యో, ఆయనంత శుభ్రంగా చంపేవాడు ఈ చుట్టుపక్కల లేడు. మర్నాడు ఇంట్లో వాసన కూడా ఉండేది కాదు."

అవతల బర్డెట్ అది కాగితం మీద రాసుకుంటున్న చప్పుడైంది.

"మీ ఇంటిక్కూడా వచ్చాడు బాబూ," అంది మార్వెల్లా. "మీ అమ్మగారే పిలిపించారు. అప్పటికి నీకు ఆరేళ్లుంటాయేమో."

బర్డెట్‌కు ఆరేళ్లప్పుడే అతని మారుతండ్రి వేన్ రాత్రి భోంచేసి లేచినవాడు లేచినట్టే కూలిపోయాడు. ఆ సంగతి మార్వెల్లాకు తట్టలేదు. అవతల ఫోన్ ఠక్కున పెట్టేస్తే, లైను తెగిపోయిందనుకుని తనూ పెట్టేసి, నైట్రోజన్ పనికి లోపలికెళ్లింది. ఆ గోడల మధ్య ఏ ఫోనూ మోగదు.

ఈలోగా సంఘం అత్యవసరంగా కూడింది. చచ్చినవాడికి శిక్ష తీరిపోయినట్టే కాబట్టి, రేపు లేస్తే ఏ కేసు పెట్టి పట్టుకుంటారని మంగలి లైల్ అడిగాడట. అప్పటికి మనం ఉండం కదా అని ఎవరో అంటే, మన మనవలుంటారు, వాళ్ల పక్కింట్లోనే దిగుతాడు అని ఇంకొకరు అన్నారట. అరగంటలో తీర్మానం అయిపోయింది. మనిషిని చంపినవాళ్లెవరూ ఊరి హద్దుల్లో గడ్డకట్టి ఉండరాదు. సూర్యాస్తమయంలోగా బయటికి తరలించాలి.

ఆ ఎండలో బయటికి తీయడమంటే, మిగిలిన ఆ కాస్త ఆశా కరిగిపోవడమే.

మార్వెల్లా చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి వాకిట్లో లారీ, దాని వెనక ముప్పై మంది జనం. ఎల్వుడ్ భార్య ఒనీడాకు కబురు ఎలా అందిందో, ముసలావిడ అప్పటికే వచ్చి తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. బర్డెట్ ఆమెను దాటుకుని లోపలికొచ్చాడు.

"మా అమ్మ ఉత్తరం ఇవ్వండి," అన్నాడు.

బర్డెట్ తల్లి ఆటలీన్ కూడా మధ్య ట్యాంకులోనే, ఎల్వుడ్ పక్కనే ఉంది. నిద్రలేచాక జ్ఞాపకం పోయి ఉంటుందేమోనని ప్రతి రోగీ తనకు తాను ఒక ఉత్తరం రాసిపెట్టుకుంటాడు. దాన్ని ఇంకెవరూ తెరవకూడదు. మార్వెల్లా ఆ మాటే చెప్పింది. అతను చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు. చివరికి ఇవ్వక తప్పలేదు.

ట్యాంకు పక్కనే నిలబడి చదివాడు. చదివి, ఒక్కడే మోయలేనట్టు మార్వెల్లా చేతికిచ్చాడు.

"నీ పేరు ఆటలీన్. నీకు బర్డెట్ అని ఒక కొడుకు. వాడికి చేప పడదు, పెట్టకు. వేన్ గుండెపోటుతో పోలేదు. వాడు పిల్లాడి మీద చెయ్యెత్తిన రోజున, ఎల్వుడ్ మరిచిపోయి వదిలివెళ్లిన చీమల మందు డబ్బాలోంచి సగం వాడావు. పాపం ఎల్వుడ్‌కు ఏమీ తెలియదు. మిగతా సగం వంటింట్లో పొయ్యి వెనక పలక తీస్తే ఉంటుంది. లేచాక ఎలాంటివాళ్ల మధ్య లేస్తావో తెలియదు కదా."

ట్యాంకు మూత దగ్గర సన్నగా ఊపిరి వదిలిన చప్పుడైంది. ఇద్దరూ దాని వంక చూడలేదు.

"ఆ పొయ్యి మీదే పొద్దున కాఫీ పెట్టుకున్నాను," అన్నాడు బర్డెట్ మెల్లగా.

బయటికొచ్చేసరికి జనం నవ్వుకుంటున్నారు. తన మొగుడు చంపింది చీమల్ని, తేళ్లని, లైల్ తండ్రి హయాంలో వాళ్ల దుకాణంలో చెదల్ని అని ఒనీడా అందరికీ అర్థమయ్యేలా తిట్టి చెప్పింది. లైల్ ఆవిడకు క్షమాపణ చెప్పుకుని బర్డెట్ వైపు తిరిగాడు.

"పొరపాటైంది సరే. రూలు మాత్రం మంచిదే, ఉండనిద్దాం. వచ్చాం కాబట్టి మిగతా పదిమందినీ చూసేద్దామా?"

"రూలు రద్దు," అన్నాడు బర్డెట్.

"ఎందుకని?"

"ప్రాణంతో ఉన్నప్పుడు ఎవరు ఎందుకేం చేశారో తేల్చడానికి మనమెవరం? లారీ తిప్పండి."

బర్డెట్ మనసు ఇంత విశాలమైనదని ఊరికి ఆ రోజే తెలిసింది. అందరూ వెళ్లిపోయాక కూడా అతను అక్కడే నిలబడ్డాడు. ఒనీడా చేతులు పట్టుకుని ఏదో అన్నాడు. ఆవిడ అతని చెంప తట్టి వెళ్లింది. తర్వాత మార్వెల్లా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ మూత లోపలి నుంచి తెరుచుకోదు కదా?"

తెరుచుకోదని మార్వెల్లా ఒట్టు పెట్టుకుని చెప్పింది.

బుధవారం నాడు పట్టణ భద్రతా సంఘం ఖర్చుతో మధ్య ట్యాంకుకు రెండో తాళం పడింది.