తెరిచి ఉంటే వార్త కాదు

మా ఆరోగ్య గదికి తాళం వేసింది వార్డు ఆఫీసు. వేయించింది మీరు. పత్రికల వాళ్లు, చానళ్ల వాళ్లు, ఫోన్ పట్టుకుని వీధులు తిరిగే వీడియోల వాళ్లు, అందరినీ కలిపే అంటున్నాను. ఎవరికి వాళ్లు పక్కవాడి మొహం చూడక్కర్లేదు.

అయితే నేను తిట్టడానికి కూర్చోలేదు, పొగడటానికి కూర్చున్నాను. పైసా ఖర్చు లేకుండా పత్రికల్లో, టీవీల్లో వచ్చే ప్రచారమంత ఆరోగ్యకరమైనది లోకంలో మరొకటి లేదనీ, మందులూ మాత్రలూ దాని ముందు దిగదుడుపేననీ నా వాదన. అనుమానం ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి. చదువుతుండగా బీపీ పెరిగితే వెళ్లి చూపించుకోండి. ఎక్కడ అని మాత్రం నన్నడక్కండి. తాళం పడిందని ఇప్పుడే చెప్పాను కదా.

బస్సు డిపో వెనక సందులో, సైకిల్ షాపు పక్కన, వార్డు ఆఫీసు వాళ్లదే ఒక గది ఉంది. ప్రతి గురువారం పొద్దున అక్కడ బీపీ, షుగరు ఉచితంగా చూసేవాళ్లం. చూసేది రిటైరైన నర్సమ్మ. కుర్చీలు వేసేదీ, నేల తుడిచేదీ, వచ్చినవాళ్లను కూర్చోబెట్టేదీ మా సందు వాళ్లం. బీపీ ఎక్కువుంటే నర్సమ్మ పెద్దాసుపత్రికి పంపిస్తుంది. వెళ్లకపోతే ఇంటికొచ్చి పీకల మీద కూర్చుంటుంది. మా కార్యక్రమం మొత్తం ఇంతే.

ఇబ్బంది ఒక్కటే. జనానికి తెలియదు. సందులోవాళ్లు వచ్చేవారు, సందు దాటితే ఎవరికీ తెలియదు. వార్డు ఆఫీసు గుమాస్తా ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మనుషులు రాకపోతే ఈ గదెందుకండీ? విరిగిన బల్లలు పెట్టుకోవడానికి మాకే చోటు చాలట్లేదు."

బల్లలకు ఉన్న గిరాకీ మాకు లేదన్నమాట. జనం వస్తే గది ఉంటుంది, రాకపోతే పోతుంది. అందుకని పత్రికాఫీసుకు వెళ్లాను. ఒకే ఒక్క వాక్యం రాసి తీసుకెళ్లాను. గది ఎక్కడుందో, ఏ రోజు తెరుస్తామో, ఏం చూస్తామో అందులోనే ఉంది. డెస్కు దగ్గర కూర్చున్నాయన చదివాడు, తిరగేసి వెనక కూడా చూశాడు.

"ఇందులో వార్త ఏముందండీ?"

"గది తెరిచి ఉందండీ."

"తెరిచి ఉంటే వార్త కాదు. మూస్తే వార్త. మూసినప్పుడు రండి."

వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. కాదు, ఆయన వృత్తి ధర్మం చెబుతున్నాడు. అక్కణ్నుంచి చానల్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి రిపోర్టరమ్మాయి మర్యాదస్తురాలు, కుర్చీ వేసి మరీ అడిగింది.

"విజువల్ ఏముంటుందండీ?"

"బీపీ చూస్తారమ్మా."

"అది విజువల్ కాదండీ. ఎవరైనా పడిపోతారా?"

"పడిపోకూడదనే కదమ్మా గది పెట్టింది."

"అదేనండీ మీతో ప్రాబ్లం."

నిజమే. మనిషి నిలబడి ఉంటే కెమెరాకు ఏం పని? మీ లెక్కలో ఆరోగ్యం అంటే ఏమీ జరగకపోవడం. ఏమీ జరగని చోటికి లైవ్ ఇచ్చే ఓబీ వ్యాను ఎందుకు వస్తుంది? తప్పు మాది. జనాన్ని నిలబెట్టే పని పెట్టుకున్నాం.

మా సందు టైలరు బావమరిది ప్రకటనల కంపెనీలో పనిచేస్తాడు. అతను వచ్చి గది చూసి, మమ్మల్ని చూసి, జాలిపడ్డాడు. "పెద్దమనిషిని పిలవండి. రిబ్బన్ కట్టండి. మిగతాది అదే నడుస్తుంది" అన్నాడు.

"గది తెరిచి చాలా కాలమైంది కదరా, ఇప్పుడు రిబ్బనేంటి?" అన్నాడు టైలరు.

"కత్తిరించే దాకా తెరిచినట్టు కాదు బావా."

మేం కౌన్సిలర్‌ను పిలిచాం. ఒప్పుకున్నాడు. గుమ్మానికి అడ్డంగా రిబ్బన్ కట్టాం. షుగరు పరీక్షకని పరగడుపున వచ్చినవాళ్లు రిబ్బన్‌కు ఇవతలే నిలబడ్డారు, దాటితే రిబ్బన్ పాడవుతుంది కదా. ఒక తాత దాని కింద నుంచి దూరబోతే, అందరం కలిసి వెనక్కి లాగాం. ప్రజారోగ్యం కోసం ఆ మాత్రం ఆకలి ఓర్చుకోలేకపోతే ఎలా?

కౌన్సిలర్ వచ్చేసరికి ఎండ నడినెత్తి మీదకు వచ్చింది. వెంట కెమెరాలు వచ్చాయి. కెమెరామన్ లోపలికి వచ్చి ముందు రోగులను బయటికి పంపించాడు, ఫ్రేముకు అడ్డమట. వాళ్ల కుర్చీల్లో కౌన్సిలర్ మనుషులు కూర్చున్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూర్చుంటేనే ఆరోగ్య గది కళగా ఉంటుందని మాకు అప్పటిదాకా తోచనే లేదు.

"నర్సమ్మా, సార్ చేతికి బీపీ పట్టీ కట్టండి. కొంచెం నవ్వుతూ" అన్నాడు కెమెరామన్.

నర్సమ్మ కట్టింది. పొరపాటు సరిగ్గా ఇక్కడే జరిగింది. ఫొటోకి పట్టీ కట్టమంటే కట్టి ఊరుకోవాలి. లోకమంతా అలాగే చేస్తుంది. ఈవిడ అలవాటు ప్రాణం, చేతిలోకి రబ్బరు బల్బు రాగానే గాలి కొట్టేసింది. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంది. కౌన్సిలర్ ఏదో సందేశం ఇవ్వబోతే "మాట్లాడకండి బాబూ" అంది. గాలి వదిలి, మొహం చూసి, మళ్లీ కొట్టింది.

"మాత్ర వేసుకుంటున్నారా?"

"నాకెందుకమ్మా మాత్రలు? గుర్రంలా ఉన్నాను."

"గుర్రానికి ఇంత ఉంటే గుర్రం కూడా పడిపోతుంది బాబూ. లేవకండి. కాసేపు ఇక్కడే కూర్చుని, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి."

మైకులన్నీ ఆన్‌లోనే ఉన్నాయి.

ఇక చూడండి ప్రచారం. మధ్యాహ్నానికి తెర నిండా ఎర్రక్షరాలు, "కౌన్సిలర్‌కు ఏమైంది?" అని. ఇంత బీపీ ఉన్నవాడు వార్డును ఏం మోస్తాడని అవతలి పార్టీ. మెషీను అవతలి పార్టీదని ఇవతలి పార్టీ. ఒక చానల్ మా బీపీ మెషీనును దగ్గర్నుంచి, దూరం నుంచి, పక్కనుంచి చూపించి, ఇది ఎవరి మనిషి అని అడిగింది. ఇంకో చానల్ బొమ్మ గుండెను గీసి పేల్చేసింది. సాయంత్రం చర్చలో కూర్చున్నవాళ్లు మెడ నరాలు ఉబ్బేలా అరుచుకుంటుంటే, టీవీ ముందు నర్సమ్మ చేతులు పిసుక్కుంది. "వీళ్లకెవరైనా బీపీ చూడండర్రా" అని ఒకటే గొడవ.

ఇది ఆరోగ్య చైతన్యం కాదా? మా సందులో పిల్లలు చేతులకు గుడ్డ పీలికలు కట్టుకుని కౌన్సిలర్ ఆట ఆడుకున్నారు. ఎవరికి బీపీ ఎక్కువొస్తే వాళ్లు గెలిచినట్టు. ఎన్ని కోట్లు పోస్తే వస్తుంది ఇంత ప్రచారం?

ఒక రిపోర్టరు నర్సమ్మ ఇంటికే వచ్చాడు.

"అందరి ముందూ అలా చెప్పడం తప్పనిపించలేదా అమ్మా?"

"అందరి ముందూ కట్టించుకుంది ఆయనే కదా నాయనా."

"ఇప్పుడు మీ ఫీలింగ్ ఏంటి?"

"ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లాడో లేదో కనుక్కుని చెప్పు. అదే నా ఫీలింగు."

ఆ ముక్క ఎడిటింగ్‌లో పోయింది. ఇంత హడావిడిలో మరొకటి కూడా పోయింది. ఆ గది ఎక్కడుందో, ఏ రోజు తెరుస్తారో ఒక్కడూ చెప్పలేదు. "నగరంలోని ఓ శిబిరంలో" అన్నారు. అడ్రసు చెబితే సస్పెన్సు పోతుంది కాబోలు.

తర్వాతి గురువారం వెళ్లేసరికి తలుపుకు తాళం. మరమ్మతులట. కిటికీలోంచి చూస్తే విరిగిన బల్లలు మా కుర్చీల మీద కాళ్లు పైకెత్తుకుని పడుకున్నాయి.

డెస్కు దగ్గరాయన మాట తప్పే మనిషి కాదు. మర్నాడే పేపర్లో పేద్ద తాళం ఫొటో. పక్కన గదికి దారి చూపించే మ్యాపు కూడా. డిపో వెనక, సైకిల్ షాపు పక్కన, గురువారం, బీపీ, షుగరు, ఉచితం. నేను రాసిచ్చిన సమాచారం ఒక్క ముక్క పోకుండా వేశారు. తేడా ఒక్కటే. నేను గది ఉందని రాశాను, వాళ్లు గది పోయిందని రాశారు.

జనం రాలేదంటారేమో. ఎందుకు రాలేదు? గది తెరిచి ఉన్నప్పుడు ఎన్నడూ రానంత మంది ఆ పొద్దునే వచ్చారు, మూసిన తలుపు దగ్గరికి. వరస సందు దాటి డిపో గేటు దాకా పోయింది.

ఆ వరసలో పేపరు పెద్దమ్మ ఉంది. డిపోకి ఎదురు వీధిలో ఉంటుంది. పేపరు మొదటి అక్షరం నుంచి టెండరు ప్రకటనల దాకా వదలకుండా చదువుతుందని వీధివాళ్లు పెట్టిన పేరు. చంకలో ఆ తాళం ఫొటో పేపరే ఉంది.

"ఇట్లాంటిది ఇక్కడుందని నాకు తెలియనే తెలియదు తల్లీ. మూసేశారని చదివి పరుగున వచ్చాను" అంది నర్సమ్మతో.

నర్సమ్మ ఆవిడను సైకిల్ షాపు స్టూలు మీద కూర్చోబెట్టి, సంచిలోంచి మెషీను తీసి పట్టీ కట్టింది. కౌన్సిలర్‌ది దీని ముందు పసిపిల్లాడి బీపీ.

"చేతులు తిమ్మిరిగా ఉంటున్నాయా పెద్దమ్మా?"

"కుడి చేతిలోంచి పేపరు జారిపోతోందమ్మా ఈ మధ్య. ప్రకటనలు ఎక్కువై పేపరు బరువెక్కిందేమో అనుకున్నా."

నర్సమ్మ ఆటో తెమ్మని కేకేసింది. సైకిల్ షాపాయన పరుగెత్తి ఆటో తెచ్చాడు. ఆసుపత్రి చేరేలోపే ఆ చెయ్యి పడిపోయింది. మళ్లీ వస్తుందో రాదో డాక్టర్లు చెప్పడం లేదు. ఇంకాస్త ముందొచ్చి ఉంటే అని మాత్రం అన్నారు. ఎక్కడికి రావాలి? ఎవరు చెప్పారు ఆవిడకు? మీ పేపరులో ఒక్క లైను వదలకుండా చదివే మనిషి ఆవిడ. మీరు వేయని లైను తప్ప అన్నీ చదివింది.

రిపోర్టరమ్మాయికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను.

"పడిపోయారా అండీ?"

"మనిషి పడిపోలేదమ్మా, చెయ్యి."

"విజువల్ ఉందా?"

పొగడటం అయిపోయింది. ఇక పని సంగతి. కౌన్సిలర్ గారూ, ఈ వారమే ఆ బల్లలు బయటికి తీయించండి, తలుపు తెరిపించండి. తర్వాత మీరూ రండి, కెమెరాలు లేకుండా, మా వరసలో నిలబడి. నర్సమ్మ ఇప్పటికీ మీ గురించే అడుగుతోంది. పత్రికల వాళ్లూ, మీరు సినిమా టైములు వేసే మూలలో ప్రతి బుధవారం ఆ ఒక్క లైను వేయండి. ఫొటో వద్దు. పెద్దల పేర్లు వద్దు. మా పేర్లు అసలొద్దు. చానళ్ల వాళ్లూ, కింద పరుగెత్తే అక్షరాల్లో దానికీ కాస్త చోటివ్వండి.

వార్త కాదంటారా? కాకపోతే పోనీ, వార్త కాకుండానే వేయండి. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని నర్సమ్మ పేజీలు తిప్పుతోంది. పెద్దమ్మ ఇప్పటికీ చివరి లైను దాకా చదువుతోంది.