పైనుంచి కిందికి దిగే ఫోటోలు

ఆ పొద్దుటి తగువు స్టూలు దగ్గర మొదలైంది. కర్టెన్లు ఉతకాలని ఇల్లాలు హాల్లోని స్టూలు లాగి, దాని మీదున్న వైఫై డబ్బాను కిటికీ గట్టు మీద పెట్టింది.

"దాన్నెందుకు కదిపావు?" అన్నాడు భర్త, బ్రష్షు నోట్లోంచి తీయకుండానే.

"స్టూలు ఎక్కడానికి కొన్నాం. డబ్బా కూర్చోడానికి కాదు."

"సిగ్నల్ అక్కడే బాగుంటుంది."

"అయితే నేను డబ్బా ఎక్కి కర్టెన్లు తీస్తాలెండి."

అంతలో అత్తగారి గదిలోంచి మాట వినిపించింది. "ఒరే, ఫోటో ఇంకా నుదుటి దగ్గరే ఆగిందిరా."

ఆ గొంతులో ఫిర్యాదేమీ లేదని ఇల్లాలికి అనిపించింది. అప్పటికి కర్టెన్ కొక్కేలు నోట్లో పెట్టుకుని ఉండటంతో చెప్పలేకపోయింది. స్టూలు తగువులో ఓడిపోబోతున్న భర్తకు మాత్రం ఆ మాట చాలింది. "చూశావా? డబ్బా కదిపిన ఫలితం."

ఆ ఫోటోలు మామగారి కంప్యూటర్లోవి. రిటైరయ్యాక ఆయన స్కానరు కొని, అట్టపెట్టెల్లో ఉన్న ఫోటోలన్నీ ఓపిగ్గా అందులోకి ఎక్కించారు. ఆ ముసలి యంత్రంలో ఒక్కో ఫోటో పైనుంచి కిందికి చారలు చారలుగా దిగేది. ముందు జుట్టు, తర్వాత నుదురు. "ఎవరో చెప్పు" అనేవారాయన, పక్కన ఇదే స్టూలు మీద కూర్చున్న భార్యతో. కనుబొమలు రాకముందే ఆవిడ చెప్పేసేవారు. తప్పు చెబితే ఆయన నవ్వు వంటింటి దాకా వినబడేది.

ఆయన పోయిన కొన్నాళ్లకు ఆ యంత్రమూ మూలపడింది. కొడుకు దాని లోపలిదంతా అమ్మ గదిలోని కొత్త కంప్యూటర్లోకి మార్చాడు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. వర్చువల్ మెషీన్ అంటారట. ఇల్లాలి దృష్టిలో అది అద్దెకిచ్చిన వెనక గది. తెర మీద అదే పాత బొమ్మ, తెరవగానే అదే పాత మోత. ఫోటోలు మాత్రం చోటు చాలక హాల్లో బీరువా మీద పెట్టిన వేరే స్టోరేజీ పెట్టె నుంచి నెట్‌వర్క్ మీదుగా రావాలి.

"మధ్యాహ్నం పెద్దమ్మ భోజనానికొస్తోంది. ఆవిడ ముందు ఇది ఇలా పాకితే నా పరువేం కాను? ఆఫీసులో నా పనే నెట్‌వర్క్‌లు పరిగెత్తించడం" అంటూ అతను రంగంలోకి దిగాడు.

డబ్బాను మళ్లీ స్టూలెక్కించాడు. ఫోటో కదల్లేదు. వైరు నలిగిందేమోనని బీరువాను ముందుకు లాగాడు. బీరువా కాలు తగిలి ప్లగ్గులన్నీ ఊడాయి. ఫ్రిజ్ ఆగింది. వాషింగ్ మెషీన్ కర్టెన్లను నీళ్లలో పెట్టుకుని తలుపు బిగించుకుంది. వీళ్ల వైఫై మీదే ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పుకునే పై వాటా టీచరుగారు దిగొచ్చారు.

"మా పిల్లలంతా నోళ్లు తెరిచి ఆగిపోయారండీ."

"అయిదు నిమిషాలు, మేడమ్."

ప్లగ్గులు మళ్లీ పెట్టాక అతను వర్చువల్ మెషీన్ లోపలుండే ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు మార్చాడు. పాకుతున్నది కాస్తా పడుకుంది. పాత కార్డే మళ్లీ పెట్టాడు. అత్తగారి అక్క వచ్చేసరికి హాలు నడిమధ్య బీరువా అడ్డంగా ఉంది.

"ఇల్లు మారుతున్నారా?" అంది ఆవిడ, వైర్లు దాటుతూ.

చివరికి అన్ని సెట్టింగులూ వెతికాక దొరికింది. "ఎవరో దీని వేగానికి కళ్లెం వేశారు."

"మనింట్లో ఆ పని ఎవరికి వచ్చండీ?" అంది ఇల్లాలు, తడిచేతులు తుడుచుకుంటూ.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. కిందటి వానాకాలం, అమ్మ ఫోటోలు చూస్తుంటే తన ఆఫీసు మీటింగులు నత్తినత్తిగా నడుస్తున్నాయని తనే వేశాడు. గబగబా కళ్లెం తీసేశాడు.

ఇక ఫోటోలు ఇలా నొక్కితే అలా నిండుగా వచ్చి నిలబడ్డాయి. అక్కాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చున్నారు. "ఇదెవరో చెప్పక్కా" అన్నారు అత్తగారు. "చెప్పేదేముంది, కనబడుతోందిగా" అంది ఆవిడ. ఆ తర్వాత గదిలో మాటలు వినిపించలేదు. వంట పూర్తవకముందే ఇద్దరూ బయటికొచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని హాల్లో కూర్చున్నారు.

భోజనాల దగ్గర అత్తగారు కంచం కొంచెం వెనక్కి జరిపారు. "ఒరే, దాన్ని పొద్దున ఉన్నట్టు చేసెయ్యి."

"స్లోగానా? ఆగిపోయిందని నువ్వేగదమ్మా అన్నావు?"

"నుదుటి దగ్గర ఆగిందన్నాను. బాగు చెయ్యమన్నానా? ఎవరై ఉంటారా అనుకుంటూ కూర్చోడమే కదరా మీ నాన్నతో నా కాలక్షేపం. ఇప్పుడు ఆ నుదుళ్లు ఆనవాలు పట్టేది అక్కయ్య ఒక్కతే మిగిలింది."

"నిదానంగా వస్తే సాయంత్రం దాకా ఉంటానురా. లేకపోతే తిని వెళ్తా" అంది పెద్దమ్మ.

"ఇంకో మాట" అన్నారు అత్తగారు. "ఆ స్టూలు ఇకనుంచి నా గదిలో ఉంటుంది. అక్కయ్య కూర్చోడానికి."

పొద్దుటి తగువులో ఇద్దరూ ఓడిపోయినట్టు భార్యాభర్తలకు ఒకేసారి అర్థమైంది. ఇల్లాలికెందుకో ఓటమి బాధ కలగలేదు. వంటింట్లోకి ఆ గదిలోంచి నవ్వు వినబడక ఎన్నాళ్లయిందో అనుకుంది.

నెట్‌వర్క్‌ల వేగం పెంచినందుకు ఆఫీసులో సన్మానం చేయించుకున్న మనిషి, నోట్లో ముద్ద మింగి, "ఎంత స్లోగా కావాలమ్మా?" అని అడిగాడు.