ఒరెస్తే గోతిలో నీరో

ఆ గురువారం పొద్దున ఎర్సీలియా వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం న్యోకీ అనే బంగాళాదుంప ఉండలు తినే జనం వచ్చేలోపు తన హోటల్ మురుగు గొట్టం బాగుచేయించి, గొయ్యి పూడ్పించాలి. ఆదివారం అక్కడే ఒక పెద్ద బాప్తిస్మం విందు ఉంది. అది చేజారితే ఈ ఏడాది గట్టెక్కడం కష్టం.

ప్లంబర్ నజరేనో, భోజనాల హాల్లో వంటింటిని ఆనుకున్న మూలలో నేల తవ్వి గొట్టం విప్పాడు. చెయ్యి పెట్టి లాగితే జిడ్డు ముద్దతో పాటు ఒక నాణెం వచ్చింది. ఆ వెంటనే నీళ్ళు గలగలా పారాయి.

"అమ్మా, ఇది మీరూ చూళ్ళేదు, నేనూ చూళ్ళేదు," అన్నాడతను.

రోములో ఆ మాటకి అర్థం చెప్పనక్కర్లేదు. నేలలో పాతది ఏది బయటపడినా పురావస్తు శాఖకు చెప్పాలి. వాళ్ళొచ్చి చుట్టూ తాడు కట్టారంటే హోటల్ మూత, ఇక అంతే సంగతులు.

కానీ ఎర్సీలియా భర్త ఒరెస్తే అప్పటికే నాణేన్ని కడిగి వెలుగులో పెట్టి చూస్తున్నాడు. "ఆ బొమ్మ మెడ చూడవే! చక్రవర్తి కాకపోతే అంత మెడ ఎవరికుంటుంది?"

"నీకుంది. అది జేబులో పడేసి, పోయి దుంపలు ఉడికాయేమో చూడు."

ఒరెస్తే కొత్తిమీర తెస్తానని బయటికి వెళ్ళి, రిటైరైన లాటిన్ మాస్టారు ఉబాల్దోను వెంటబెట్టుకొచ్చాడు. కొత్తిమీర మాత్రం తేలేదు.

మాస్టారు భూతద్దం తీశారు. "నీరో! వెనకవైపు జానస్ దేవుడి గుడి, శాంతికాలంలో మాత్రమే మూసే తలుపులు. లోకంలో యుద్ధాలే లేవని చాటుకోవడానికి వేయించిన రకం. ఇంత చక్కటిది నేను పుస్తకంలో కూడా చూళ్ళేదు."

"మీకు పుణ్యముంటుంది మాస్టారూ, ఎవరికీ చెప్పకండి."

"ఛ, నేనెందుకు చెప్తానమ్మా? దారిలో మా మేనకోడలికొక్కదానికే ఫోన్ చేశాను."

మేనకోడలు ఫుల్వియా పనిచేసేది పురావస్తు శాఖలో.

ఎర్సీలియా వెంటనే గోతిమీద చెక్క వేయించి, దానిమీద బల్ల లాగించి, నేలదాకా జారే గుడ్డ పరిచింది. ఫుల్వియా వచ్చేసరికి హోటలంతా నిండిపోయి ఆ ఒక్క బల్లే మిగిలింది. ఆమె వెళ్ళి అక్కడే కూర్చుంది. న్యోకీ చెప్పి, నాణెం అడిగింది.

"ఎక్కడ దొరికింది?"

"సంతలో కొన్నాం," అంది ఎర్సీలియా తడుముకోకుండా.

ఫుల్వియా అంచు తడిమి నవ్వింది. "బొమ్మ నీరోదే, కానీ ఇది నకలు. ఇదిగో, చుట్టూ అచ్చు అతుకు. అసలువి పోత పోసేవాళ్ళు కాదు, సుత్తితో కొట్టి ముద్ర వేసేవాళ్ళు. మిమ్మల్నెవరో బాగా మోసం చేశారు."

ఎర్సీలియాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఆనందంలో ఫుల్వియా పళ్ళెంలో ఇంకో గరిటె న్యోకీ వడ్డించింది.

ఒరెస్తే మొహం కందగడ్డ అయింది. "నన్ను మోసం చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు! సంత లేదు, గింత లేదు. మీ కాళ్ళ కింద గోతిలోంచి, నా కళ్ళముందే తీశారు!"

ఫుల్వియా ఫోర్కు కింద పెట్టి, బల్లగుడ్డ ఎత్తి, చెక్క జరిపించి, ఫోన్ లైటు వేసింది. గొట్టం వెనక మట్టిలో వజ్రాల ఆకారంలో పేర్చిన రాళ్ళ గోడ కనిపించింది.

"నాణెం మీరే ఉంచుకోండి," అంది తల పైకెత్తి. "ఎవరో టూరిస్టు సింకులో జారవిడిచి ఉంటాడు. గోడ మాత్రం అసలుదే, పాత రోమన్ల కాలంది."

"ఆదివారం నా విందు?" అంది ఎర్సీలియా, బల్లగుడ్డ మళ్ళీ కిందికి లాగుతూ.

"దిగులుపడకండి. వేసవికల్లా తేలిపోతుంది," అంటూ ఫుల్వియా ఆఫీసుకు ఫోన్ కలిపింది.

ఏ వేసవో చెప్పలేదు.