పక్క సీటు మహానుభావులు

ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట కలపనివాడు సగం జీవితమే బతికినట్టు! ఇది నేను ఊరికే అనడం లేదు. ఏళ్ల తరబడి బస్సుల్లో, లిఫ్టుల్లో, క్యూల్లో, డాక్టర్ల వెయిటింగ్ హాళ్లలో సొంత గొంతు అరగదీసుకుని కనిపెట్టిన సత్యం.

దీనివల్ల లాభమేమిటని మీరడగొచ్చు. లాభమా! అపరిచితుడంత మంచి శ్రోత ఈ భూమ్మీద ఉన్నాడా? మీ కథ అతను ఇదివరకు విని ఉండడు. "ఇది నిన్ననే చెప్పారు కదండీ" అనడు. మేనేజర్ని మీరు నలుగురిలో కడిగిపారేసిన ఘట్టం రాగానే, ఆ రోజు మీరసలు నోరే ఎత్తలేదని గుర్తుచేసే మనిషి పక్కన ఉండడు. ఇంతకు మించిన వాక్‌స్వాతంత్ర్యం ఇంకెక్కడ దొరుకుతుంది?

మొన్న బస్సులో ఓ బ్రీఫ్‌కేసు పెద్దమనిషి పక్కన సీటు దొరికింది. ఎండలతో మొదలుపెట్టి, నా మోకాలి నొప్పి మీదుగా, నేటి విద్యావిధానం దాకా లాక్కొచ్చాను. ఆయన ఎంతగా కదిలిపోయారంటే, పాపం, తన స్టాపు రాకముందే దిగిపోయారు. కిటికీలోంచి చూస్తే, అక్కడే నిలబడి వెనకొచ్చే బస్సు కోసం మెడ చాపుతున్నారు. అంత విన్నాక మనిషికి కాస్త ఏకాంతం కావాలి కదా!

నన్ను చూడగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకునేవాళ్లూ ఉంటారు. నేను అపార్థం చేసుకునే రకం కాదు. మొన్నొకమ్మాయి అలాగే దోపుకుంది. వైరు రెండో కొస చూద్దును కదా, దేనికీ తగిలించలేదు, గాల్లో వేలాడుతోంది. అంటే ఏమిటి? పాటలు వినడం లేదు, నన్నే వింటోంది!

మా ఆఫీసున్న బిల్డింగులో నేను లిఫ్టు ఎక్కానంటే పై అంతస్తులవాళ్లంతా మెట్ల దారి పడతారు. దాంతో వాళ్ల ఆరోగ్యాలు దివ్యంగా ఉన్నాయని వినికిడి. ఈ సేవకి నన్ను సన్మానించాలని ఎవరికైనా తోచిందా? మొత్తం మీద నేను ఓడిపోయింది ఒక్క పళ్ల డాక్టరు దగ్గరే. నేను నోరు తెరవగానే ఆయన రెండు చేతులూ అందులో పెట్టేశాడు.

సాయంత్రం ఇంటికి చేరాక, ఆ రోజు తగిలిన మహానుభావుల గురించి మా ఆవిడకి పూసగుచ్చినట్టు చెబుతాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ వింటుంది. మధ్యలో ఏదో అనబోతుంది కూడా. కానీ అప్పటికే నేను రెండో మహానుభావుడి దగ్గరికి వెళ్లిపోయి ఉంటాను.

పోయిన వారం ఆవిడని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. త్వరలో ఎడమ కంటికి ఆపరేషన్, ముందుగా ఏవో పరీక్షలు. ఆవిడని ఓ కుర్చీలో కూర్చోబెట్టి, హాలంతా ఓసారి కలియజూసి, ముందు వరసలో ఒకాయన పక్కన చేరాను. ఆయన కళ్లలో చుక్కల మందు వేసి, కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోమన్నారట. ఇలాంటి శ్రోత జన్మకోసారి గాని దొరకడు!

కాసేపటికి గొంతు ఆరిపోయి, మంచినీళ్లు తాగడానికి ఆగాను. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో ఒకావిడ మాటలు చెవిన పడ్డాయి.

"మా ఎదురింటాయన అనుకుని, తీగ మీద ఆరేసిన కోటుని 'బాగున్నారా' అని పలకరించానండీ. గాలికి అదీ చెయ్యూపింది. పిల్లలెలా ఉన్నారని కూడా అడిగేశాను. లోపలికొచ్చి ఒక్కదాన్నే ఎంతసేపు నవ్వుకున్నానో!"

నాకు ఫక్కున నవ్వొచ్చింది. ఎంత బాగా చెబుతోంది! ఈవిడ మొగుడెవరో గానీ పెట్టి పుట్టాడు, రోజూ ఇంట్లో ఇలాంటివి వింటూ ఉంటాడు అనుకున్నాను. ఇటువంటి మనిషితో పరిచయం చేసుకోకపోతే ఎలా అని వెనక్కి తిరిగాను.

మా ఆవిడ!

ఒట్టు, గొంతు గుర్తుపట్టలేదు. ఆ గొంతు వరసగా రెండు వాక్యాలు పలకగా విని ఎన్నాళ్లయిందో! పక్కన నీలం స్వెటర్ వేసుకున్న ఓ పెద్దావిడ, ఒళ్లో సంచీ పెట్టుకుని, ఎక్కడా అడ్డు రాకుండా వింటోంది. నేను గబుక్కున ముందుకి తిరిగిపోయాను.

"ఇంట్లో మీ ఆయనకి చెప్పావా అమ్మా ఇది?" అడిగింది పెద్దావిడ.

"మొదలుపెట్టానండీ. ఆయనకి బస్సులో ఎవరో కలిశారట, ఆ సంగతి చెబుతున్నారు. చాలా పెద్ద సంగతి."

"ఆపరేషనంటే భయంగా ఉందా?"

"ఆపరేషన్‌కి కాదండీ. నా భయం వేరే..." అని మా ఆవిడ గొంతు బాగా తగ్గించేసింది.

చెవులు రిక్కించాను. ఒక్క ముక్క వినబడితే ఒట్టు. ఓరగా చూస్తే, పెద్దావిడ మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు. చుక్కల మందు వల్ల అనుకుందామంటే, ఇద్దరికీ ఇంకా వెయ్యనే లేదు. అంతలో నర్సు మా ఆవిడని పిలిచింది. పరీక్షలయ్యి మేం బయటికొచ్చేసరికి పెద్దావిడ లేదు.

ఇంటికి రాగానే అడిగాను, నీ భయమేమిటని.

"ఏముంది లెండి, ఊసుపోక ఏదో అన్నాను. ఇంతకీ ఇవాళ మీకెవరు కలిశారు?" అంది.

మర్నాడు మళ్లీ అడిగాను. దిండుకి గలీబు తొడుగుతూ, "మీకు చెప్పేంత విషయం కాదండీ" అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది.

చూశారా, అపరిచితులతో మాట్లాడితే ఎంత లాభమో! నా వాదన నూటికి నూరుపాళ్లూ రుజువైంది. కాకపోతే లాభం మా ఆవిడకి దక్కింది. నా ఇంట్లో, నా పక్కనే కూర్చుని అన్నం తినే మనిషి భయమేమిటో ఈ లోకంలో ఇంకొక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ నేను కాదు.

కాబట్టి నీలం స్వెటర్ అమ్మగారూ, ఈ కాలమ్ మీ కంటపడితే, దయచేసి పత్రికాఫీసుకి ఒక్క ఫోన్ చెయ్యండి. ఆపరేషన్ దగ్గర పడుతోంది. మా ఆవిడ దేనికి భయపడుతోందో చెప్పండి, చాలు. మధ్యలో నేనొక్క మాట మాట్లాడను, నోరు మూసుకుని వింటాను.

మా ఆవిడకీ ఈ మాటే చెప్పాను. నమ్మలేదు. మీరైనా నమ్మండి, మీకు నేను కొత్త కదా!