బిగుతు ఇంజను

ఆదివారం పొద్దున్నే దర్జీ, బావమరిదిని వెంటబెట్టుకుని, స్కూటరును మెకానిక్ షెడ్డుకు తోసుకెళ్ళాడు. సాయంత్రం అది భార్యను ఎక్కించుకుని ఎత్తువీధి ఎక్కాలి. ఎక్కకపోతే పైన ఉన్న బేకరీ ఆయనకు అమ్మేయాలని ఇంట్లో ఒప్పందం. ఏళ్ళుగా సగం ఎత్తుకే ఇంజను మూలగడం, ఆమె దిగి నడవడం మామూలైపోయింది. ఆమెకు విసుగెత్తింది. కానీ దర్జీకి అది నాన్న బండి. ఆయన పోయాక ఇంట్లో ఆయనదంటూ వినిపించేది దాని చప్పుడొక్కటే.

"ఉబ్బుతల పిస్టన్ వెయ్యి. హెడ్ కింద గాస్కెట్ బాగా పలచనిది వెయ్యి," అన్నాడు దర్జీ.

"రెండూనా? పిస్టన్ తల ఉబ్బితేనే పైన ఖాళీ తగ్గుతుంది. గాస్కెట్ కూడా పలచనైతే లోపల గాలి మరీ నలిగిపోతుందండీ. కిక్ ఎదురుతంతుంది," అన్నాడు మెకానిక్.

"బిగుతుగా ఉంటేనే బలం, అందం!"

దుకాణంలోనూ ఆయనది అదే సిద్ధాంతం. ఆయన బిగించి కుట్టిన ప్రతి చొక్కానీ బావమరిది గుట్టుగా వదులు చేశాకే గిరాకీకి ఇచ్చేవాడు.

మెకానిక్ రెండూ బిగించాడు. మొదటి కిక్కుకే దర్జీ చెప్పు షెడ్డు కప్పు మీదికి ఎగిరింది. రెండో కిక్కుకు ఆయనే వెళ్ళి పాత టైర్లలో కూర్చున్నాడు.

"బావా, కాలు విరిగిందా?"

"కాలుదేముంది! బలం చూశావురా!"

ఆయన కాలికి కట్టు కట్టించుకోవడానికి వెళ్ళగానే, బావమరిది దుకాణం అలవాటు కొద్దీ మందపాటి గాస్కెట్ వేయించి, టీకి వెళ్ళాడు. అది చాలదేమోనని భయపడిన మెకానిక్, ఎవరికీ చెప్పకుండా పిస్టన్ కూడా మార్చి తల చదునుగా ఉండే బల్లతల పిస్టన్ పెట్టేశాడు. ఖాళీ రెండు వైపులా పెరిగి, లోపల గాలి నలగడం మానేసింది. ఇంజను పాతదానికన్నా నీరసపడింది.

మధ్యాహ్నం కిక్ వెన్నలా దిగింది. "కొత్త బట్టలాగే సర్దుకుంది," అని మురిసిపోయాడు దర్జీ.

సాయంత్రం భార్య వెనక కూర్చుంది. సగం ఎత్తులో ఇంజను మూలిగింది. ఆమె కాళ్ళు వాటంతటవే దిగిపోయాయి. తేలికపడ్డ బండి రొప్పుతూ ముందుకు సాగింది. దర్జీ వెనక్కి చూడలేదు.

"చూశావా? ఇద్దర్నీ లాగేస్తోంది! గట్టిగా పట్టుకోవే! నాన్న ఉంటేనా..." అంటూ బేకరీ ముందు ఆగాడు.

బేకరీ ఆయన ఖాళీ సీటును చూశాడు. "ఎవరితో మాట్లాడుతున్నారండీ?"

"మా ఆవిడతో. ఇదిగో, వెనక..." దర్జీ చూపించాడు. చూపించాక తనూ చూశాడు.

"ఈ దయ్యం బండి నాకొద్దండీ. పిల్లలున్న ఇల్లు," అని బేకరీ ఆయన సగం తలుపు మూశాడు.

ఆయాసపడుతూ భార్య వచ్చింది. "అలవాటులో దిగిపోయానండీ. ఓడినట్టేగా, అమ్మేశారా?"

"ఊరికే ఇచ్చినా తీసుకునేలా లేడు."

ఆమె బండిని, ఆయన కాలికట్టును చూసి, ఎక్కి కూర్చుంది.

ఎత్తు దిగేటప్పుడు మాత్రం స్కూటరు ఇద్దరినీ ఏ ఇబ్బందీ లేకుండా మోసింది.